స్ప్రింగ్ రైఫిలా, పీసీపీనా? 15 మీటర్ల గురికి ఏది తీసుకోమంటారు?

కొత్తగురి:

అందరికీ నమస్కారం. నాకు ఎయిర్ రైఫిల్ కొత్త. పక్షుల జోలికీ జంతువుల జోలికీ వెళ్ళే ఉద్దేశం లేదు. సెలవు రోజున ఒక గంట, 10 నుంచి 20 మీటర్ల దూరంలో కాగితం టార్గెట్ పెట్టుకుని ప్రశాంతంగా కాల్చుకోవాలి, అంతే. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. తనూ నేర్చుకుంటానంటోంది, నేను పక్కనే ఉంటాను.

పోయిన నెల ఒక స్నేహితుడి దగ్గర స్ప్రింగ్ రైఫిల్ అడిగి తెచ్చుకున్నాను. బారెల్ విరిచి, అంటే గొట్టాన్ని కిందికి మడిచి లోడ్ చేసే రకం. డబ్బా మీద సెకనుకు 1200 అడుగుల వేగం అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాన్ని విరవడానికి నాకే రెండు చేతులూ కావాల్సి వచ్చింది. 15 మీటర్లలో ముప్పై గుళ్ళు కాలిస్తే కాగితమంతా చెల్లాచెదురుగా పడ్డాయి. ఇసుక సంచీ మీద గట్టిగా ఆనించి, భుజానికి బిగించి పట్టుకున్నా అంతే. పైగా స్కోప్‌లో టార్గెట్ మసక మసకగా కనిపించింది. పదో గుండుకల్లా అమ్మాయి చేయి నొప్పంటూ పక్కన పెట్టేసింది. తప్పు నాదో రైఫిల్‌దో కూడా తెలియలేదు.

స్ప్రింగ్, గ్యాస్ రామ్, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో కొట్టేది), పీసీపీ (ముందే గాలి బిగించి పెట్టుకునేది) అంటూ చదివేకొద్దీ తల తిరుగుతోంది. గుండు సైజు .177 తీసుకోవాలా .22 తీసుకోవాలా అన్నది మరో టెన్షన్. వాడినవాళ్ళు మీ అనుభవం చెప్పండి.

పాతబారెల్:

కొత్తగురి గారూ, మీరు రాసింది చదువుతుంటే నా మొదటి ఏడాది కళ్ళముందు కదిలింది. ఇరవై రెండేళ్ళుగా కాలుస్తున్నాను, ఎక్కువగా స్ప్రింగ్ రైఫిళ్ళతోనే. అందుకని వాటి సంగతే వివరంగా చెప్తాను. మిగతావి ఇక్కడున్న మిత్రులు నాకంటే బాగా చెప్తారు.

మీ గుళ్ళను చెదరగొట్టింది మీరు పట్టుకున్న తీరే. స్ప్రింగ్ రైఫిల్ లోపల ఒక బరువైన పిస్టన్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ దాన్ని ముందుకు తోస్తుంది, ఆ తోపుకి రైఫిల్ వెనక్కి వస్తుంది. పిస్టన్ ముందున్న గాలి నలిగి బిగిసిపోయి పెల్లెట్‌ను, అంటే గుండును బారెల్‌లోకి నెడుతుంది. అదే గాలి దిండులా అడ్డుపడి పిస్టన్‌ను ఆపుతుంది, అప్పుడు రైఫిల్ ముందుకు ఉరుకుతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపే జరిగిపోతుంది. అయితే ఈ కుదుపు మొదలయ్యేసరికి పెల్లెట్ ఇంకా బారెల్‌లోనే ఉంటుంది. మామూలు తుపాకీని పట్టుకున్నట్టు గట్టిగా బిగించి పట్టుకుంటే, మన బిగింపులో తేడా వచ్చినప్పుడల్లా గుండు కూడా పక్కకు పోతుంది. ఈ కుదుపును ఆపడం మన వల్ల కాదు. ప్రతిసారీ ఒకేలా కదలనివ్వాలి.

ఇలా చేసి చూడండి. ఎడమ అరచేతిని తెరిచి ఇసుక సంచీ మీద పెట్టండి. రైఫిల్ ముందు చెక్కను ఆ అరచేతిలో ఊరికే కూర్చోబెట్టండి, వేళ్ళు మూయొద్దు. తుపాకీ మడమ, అంటే వెనక చివర, భుజానికి తాకీ తాకనట్టు ఉండాలి. కుడి చేతి పట్టు పచ్చికుండను ఎత్తుకున్నంత మెత్తగా ఉండాలి. ట్రిగ్గర్ నొక్కాక కూడా కన్ను తిప్పకుండా, గుండు కాగితాన్ని తాకేదాకా అలాగే ఉండండి. ఈ పట్టు నాకు కుదిరిన రోజు ఇప్పటికీ గుర్తే. అంతకుముందు అదే రైఫిల్‌తో, అదే డబ్బాలోని పెల్లెట్లతో గుప్పెడంత వెడల్పున పడుతుండేవి. ఆ రోజు 12 మీటర్లలో ఐదు గుళ్ళూ బొటనవేలి గోరు కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. నమ్మబుద్ధి కాక కాగితం మార్చి మళ్ళీ కాల్చాను.

ఇక ఆ డబ్బా మీది 1200. దాన్ని చూసి రైఫిల్ కొనొద్దని చేతులు జోడించి చెప్తున్నాను. అలాంటి అంకెల్ని చాలావరకు సీసం లేని, బాగా తేలికైన పెల్లెట్లతో కొలిచి వేస్తారు. సెకనుకు 1200 అడుగులంటే 366 మీటర్లు, ధ్వని వేగం సుమారు 343. నడుము సన్నగా, వెనక భాగం గంటలా విచ్చుకుని ఉండే పెల్లెట్ ఆ గీత దగ్గర స్థిరం తప్పుతుంది, గురి పాడవుతుంది. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ 1984 లాస్ ఏంజిలిస్ నుంచి ఉంది. అక్కడి టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దాన్ని కొట్టేవాళ్ళ పెల్లెట్ వేగం సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది, అంటే మీ డబ్బా అంకెలో సగం కూడా లేదు. కాగితానికి చిల్లు పెట్టడానికి అంతకు మించి అక్కర్లేదు.

వేగం కోసం స్ప్రింగ్‌ను బలంగా పెడతారు. దాంతో విరవడం కష్టమవుతుంది, కుదుపు పెరుగుతుంది, అసలుకే మోసం వస్తుంది. మీ అమ్మాయి పదో గుండుకే పక్కన పెట్టేయడానికి కారణం అదే. గుండు శక్తి 7 జౌల్స్ చుట్టుపక్కల ఉండే తేలికపాటి రైఫిల్ చూడండి. నా దగ్గర వైరాఖ్ కంపెనీ వాళ్ళ హెచ్‌డబ్ల్యూ 30ఎస్ ఉంది. రెండున్నర కిలోల బరువు. మా ఇంట్లో పిల్లలు కూడా సులువుగా విరుస్తారు. దాని ట్రిగ్గర్ రెండు అంచెలది. మొదటి అంచె జారి ఒక గోడకు తగిలినట్టు ఆగుతుంది, అక్కడినుంచి చిన్న ఒత్తిడికి గాజుపుల్ల విరిగినట్టు తెగుతుంది. గురి కుదరడంలో నాకు బారెల్ కన్నా ఆ ట్రిగ్గరే ఎక్కువ సాయం చేసింది.

బారెల్ కదలకుండా కింద లివర్‌తో లాగే రకం కూడా ఉంది. వైరాఖ్ హెచ్‌డబ్ల్యూ 97, ఎయిర్ ఆర్మ్స్ టీఎక్స్ 200 లాంటివి. ఇవి నాలుగు కిలోల పైనే తూగుతాయి. ఆ బరువు కుదుపును మింగేస్తుంది కాబట్టి బల్ల మీద ఆనించి కాల్చడానికి ఎంతో హాయిగా ఉంటాయి. నిలబడి కాలిస్తే మాత్రం మీ అమ్మాయికి భారమే.

గ్యాస్ రామ్ అంటే స్ప్రింగ్ బదులు మూసేసిన సిలిండర్‌లో బిగించిన గ్యాస్. స్ప్రింగ్ మోగే 'టంగ్' చప్పుడు ఉండదు. లాగిపెట్టి కొంతసేపు ఉంచినా స్ప్రింగ్‌లా నీరసించదు. అయితే కుదుపు ఉంటుంది, పైగా మరింత చురుగ్గా కొడుతుంది. విరిచేటప్పుడు మొదటి అంగుళం నుంచే పూర్తి బరువు చేతికి తెలుస్తుంది. మీరనుకునే పనికి దీని వల్ల పెద్ద లాభం నాకు కనిపించలేదు.

మసక గురించి. మామూలు స్కోప్‌లను చాలావరకు వంద గజాల దూరానికి సరిచేసి పంపుతారు, 15 మీటర్లలో మసకే. ముందు అద్దం దగ్గర దూరం తిప్పుకునే రింగు ఉండి, 10 మీటర్ల దాకా దిగేది తీసుకోండి. స్ప్రింగ్ రైఫిల్ ముందుకు ఉరికే కుదుపును తట్టుకుంటుందని రాసి ఉన్నదే కొనండి. ఆ ముందు కుదుపుకి మామూలు స్కోప్‌లో క్రాస్ గీతలు ఊడిపోవడం నా చేతిలోనే జరిగింది. నన్నడిగితే మొదటి మూడు నెలలు స్కోప్ లేకుండా రైఫిల్‌తో వచ్చిన సైట్లతోనే కాల్చమంటాను.

రెండు జాగ్రత్తలు చెవిలో వేసుకోండి. పెల్లెట్ లేకుండా స్ప్రింగ్ రైఫిల్ కాల్చొద్దు. ఎదురు ఒత్తిడి ఉండదు కాబట్టి పిస్టన్ నేరుగా వెళ్ళి ఇనుముకి గుద్దుకుంటుంది. బారెల్ విరిచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ దరిదాపుల్లోకి వేలు పోకూడదు, పెల్లెట్ పెట్టేటప్పుడు బారెల్‌ను రెండో చేత్తో పట్టుకునే ఉండాలి. అది జారి పైకి లేచిందంటే వేలు నలిగిపోతుంది. మీ అమ్మాయికి గురి కంటే ముందు నేర్పాల్సింది ఇదే.

నిశ్శబ్దం:

పాతబారెల్ అన్న చెప్పిన ప్రతి మాటా నిజం. కానీ ముగింపు దగ్గర నేను విభేదిస్తాను. కొత్తగా వచ్చినవాళ్ళని స్ప్రింగ్ రైఫిల్‌తోనే మొదలుపెట్టమనడం నాకు సరి అనిపించదు. దాని పట్టు కుదరడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో మా తమ్ముడు విసుగెత్తి మానేశాడు.

పీసీపీలో ముందే బిగించి పెట్టిన గాలి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే చిన్న సుత్తి వాల్వును తట్టి కొంచెం గాలి వదులుతుంది. లోపల బరువైనదేదీ ముందుకూ వెనక్కూ పరిగెత్తదు కాబట్టి కుదుపు దాదాపు సున్నా. ఎలా పట్టుకున్నా క్షమిస్తుంది. ఇసుక సంచీ మీద నేరుగా పెట్టేయొచ్చు. మా తమ్ముడు తిరిగొచ్చింది దీనితోనే. మొదటి రోజే ఐదు గుళ్ళు ఒకే చిల్లులో కలిశాయి, వాడి మొహం చూడాల్సిందే.

కష్టం ఎక్కడంటే గాలి నింపడంలో. కారు టైరులో రెండు, రెండున్నర బార్ ఒత్తిడి ఉంటుంది. నా రైఫిల్ సిలిండర్‌లో 200 బార్. దీనికి ప్రత్యేకంగా మూడంచెల చేతి పంపు దొరుకుతుంది. 120 నుంచి 200కి తేవడానికి నాకు దాదాపు ఎనభై సార్లు కొట్టాల్సి వస్తుంది. చివరి ఇరవైకి ఒంటి బరువంతా వేసి నొక్కాలి. నింపి వెంటనే గురి పెడితే గుండె దడకి క్రాస్ గీతలు ఆడుతూ కనిపిస్తాయి. అందుకే నేను ముందు రోజు రాత్రే నింపి పెట్టుకుంటాను. పంపు వేడెక్కుతుంది, మధ్యలో ఐదు నిమిషాలు ఆపాలి. లేకపోతే సీళ్ళు పోతాయి. గాలిలోని తేమ సిలిండర్‌లోకి పోతే లోపల తుప్పు పడుతుంది కాబట్టి పంపు కింద నీరు వదిలే స్క్రూ ఉంటే తప్పక విప్పాలి.

ప్రాణాంతకమైన తప్పు ఒకటుంది. గాలి బదులు ఆక్సిజన్ సిలిండర్‌తో నింపాలని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు వినొద్దు. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కి కాస్త నూనె తగిలినా పేలుతుంది.

ప్రతి గుండుకీ ఒకే ఒత్తిడి అందించే రెగ్యులేటర్ లేని పీసీపీలో ఒత్తిడి తగ్గేకొద్దీ వేగం మారుతుంది. నాది 180 నుంచి 110 బార్ మధ్యలో నిలకడగా కొడుతుంది, దాని కిందికి వెళ్తే గుళ్ళు మెల్లగా దిగిపోతాయి. గేజ్ చూసుకోవడం అలవాటైతే ఇది సమస్యే కాదు.

పంపుదెబ్బ:

సీఓటూ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. 12 గ్రాముల చిన్న క్యాప్సూల్ పెట్టి బిగిస్తే రైఫిల్‌ను బట్టి 30 నుంచి 60 గుళ్ళు. కుదుపు లేదు, పంపు కొట్టే పని లేదు, పిల్లలకు భలే సరదా. కానీ దాని ఒత్తిడి పూర్తిగా వాతావరణం చేతిలో ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర 57 బార్, సున్నా డిగ్రీల్లో 35 మాత్రమే. గబగబా కాల్చినా గ్యాస్ చల్లబడి వేగం పడిపోతుంది. నేను ఒక చలికాలం ఉదయం గుళ్ళు కిందకి పోతున్నాయని సైట్లన్నీ తిప్పేశాను. మధ్యాహ్నం ఎండెక్కాక అవే గుళ్ళు కాగితం పైకి పోయాయి. తప్పు సైట్లది కానే కాదు. క్యాప్సూల్స్‌ను ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకండి.

నేను ఇష్టపడేది వేరే రకం. చేత్తో కొట్టే న్యుమాటిక్, అంటే రైఫిల్‌కే ఉన్న పంపుతో గాలి నింపుకునేది. ఒక్క దెబ్బతో నిండేవి ఉన్నాయి, మూడు నుంచి పది దెబ్బల దాకా కొట్టి బలం పెంచుకునేవి ఉన్నాయి. కుదుపు ఉండదు, విడిగా పంపూ సిలిండరూ అక్కర్లేదు. ఒక్క దెబ్బ రకం శక్తి తక్కువే, 10 మీటర్లకు మాత్రం సూటిగా కొడుతుంది. వాల్తర్ ఎల్‌జీఆర్ లాంటి ఒక్క దెబ్బ రైఫిళ్ళతో ఒకప్పుడు పెద్ద పోటీలే గెలిచారు. పది దెబ్బల రకంలో ఇబ్బంది ఏమిటంటే ప్రతి గుండుకీ అంత కసరత్తు చేయాలి. ముప్పై గుళ్ళకే జబ్బలు లాగుతాయి. కాగితానికి నాలుగు దెబ్బలు చాలు, పది కొట్టే పని లేదు.

.177, .22 విషయం: కాగితానికైతే .177, అంటే 4.5 మిల్లీమీటర్లు. ఒకే 12 జౌల్స్ శక్తికి 0.55 గ్రాముల .177 పెల్లెట్ సెకనుకు 209 మీటర్లు పోతే, 0.93 గ్రాముల .22 పెల్లెట్ 160 పోతుంది. 20 మీటర్లు చేరేలోపు మొదటిది సుమారు 5 సెంటీమీటర్లు దిగుతుంది, రెండోది 8 దాకా. దూరం అంచనాలో చిన్న పొరపాటు చేసినా .177 సర్దుకుంటుంది. .22కి ఒక్క సుఖం ఉంది, మొద్దు వేళ్ళకి కూడా పట్టు దొరుకుతుంది. పెల్లెట్ ముందు భాగం చదునుగా ఉన్నది కొనండి, కాగితంలో గుండ్రటి శుభ్రమైన చిల్లు పడుతుంది, లెక్క తేలిక. 25 మీటర్లు దాటాక గుండ్రటి తల ఉన్నది మేలు.

పాతబారెల్:

నిశ్శబ్దం, నీ మాట కాదనను. తమ్ముడు తిరిగి రావడమే ముఖ్యం. నేను స్ప్రింగ్‌ను ముందు పెట్టడానికి కారణం ఒకటే. గదిలోంచి తీసి పెల్లెట్ పెట్టి కాల్చేయొచ్చు, ఇంకేమీ వెంట ఉండక్కర్లేదు. ఒక గంట మాత్రమే దొరికే మనిషికి అది పెద్ద విషయం. కొత్తగురి గారు రెండూ చేత్తో పట్టుకుని చూశాకే నిర్ణయించుకోవాలి.

పంపుదెబ్బ గారి పెల్లెట్ల మాటకి ఒకటి చేరుస్తాను. ఒక్కో బారెల్‌కి ఒక్కో పెల్లెట్ నచ్చుతుంది. నాలుగైదు రకాల డబ్బాలు తెచ్చి, ఒక్కో రకం పదేసి కాల్చి చూడండి. వెనక అంచు నొక్కుకుపోయిన పెల్లెట్లను పక్కన పడేయండి. బొటనవేలితో నెట్టేటప్పుడు ఒకటి వదులుగా జారి ఇంకొకటి బిగుతుగా పోతే అదీ గమనించండి.

అన్నట్టు, మీరున్న చోట నియమాలు ముందే చూసుకోండి. జర్మనీలో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు లైసెన్సు లేకుండా కొనగలిగేది 7.5 జౌల్స్ వరకే. ఇంగ్లండ్‌లో రైఫిల్‌కి 12 ఫుట్-పౌండ్లు, అంటే 16 జౌల్స్ చిల్లర. అది దాటితే లైసెన్సు కావాలి.

కొత్తగురి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ముందు అదే పాత రైఫిల్ మళ్ళీ అడిగి తెచ్చుకుని అరచేతి పట్టు ప్రయత్నించాను. మొదటి పదీ కుదరలేదు. తర్వాత ఐదింట్లో నాలుగు ఒక అగ్గిపెట్టె మూతంత జాగాలో పడ్డాయి! ఆ ఐదోది నేను ట్రిగ్గర్ లాగిన వెంటనే తల ఎత్తేశాను, నాకే తెలిసింది.

తర్వాత ఒక క్లబ్బులో అడిగితే పీసీపీ ఒకటి, తేలిక స్ప్రింగ్ రైఫిల్ ఒకటి కాల్చనిచ్చారు. అమ్మాయి పీసీపీని వదల్లేదు. కానీ నేను పంపు కొడుతుంటే చూసి, 'నాన్నా, నాకది వద్దులే, నేను సొంతంగా విరిచి పెట్టుకోగలిగేది కావాలి' అంది. తేలిక స్ప్రింగ్‌నే తీసుకున్నాం, .177.

ఇప్పుడో చిన్న సమస్య. మొదటి వారం ఎంతో బాగా పడ్డాయి. రెండు వందల గుళ్ళు దాటాక మళ్ళీ చెదురుతున్నాయి. మొదటి రెండు రోజులు కొంచెం పొగ, కాలిన నూనె వాసన కూడా వచ్చాయి. పెల్లెట్లు అవే, పట్టు అదే. పాడైపోయిందా? ఇంకో సంగతి, వెనక ఒక చెక్క పలక పెట్టాను. నిన్న ఒక పెల్లెట్ తిరిగొచ్చి నా కాళ్ళ దగ్గర పడింది.

పాతబారెల్:

ముందు ఆ పలక తీసేయండి, ఈ రోజే. గట్టి చెక్క, రాయి, చెట్టు మాను, ఏవైనా సరే పెల్లెట్‌ను వెనక్కి విసురుతాయి. లోతైన పెట్టెలో పాత బట్టలు కూరి కుక్కండి, దాని వెనక ఇనుప రేకు ఉండాలి. ఎదురుగా కాగితం అంటించండి. బట్టలు ఒకేచోట చిల్లు పడి పలచబడతాయి కాబట్టి వారానికోసారి కలియబెట్టాలి. ఇద్దరూ కళ్ళద్దాలు పెట్టుకోకుండా ఒక్క గుండు కూడా కాల్చొద్దు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అది సీసం.

పొగ గురించి కంగారు పడకండి. కొత్త రైఫిల్ లోపల మిగిలిన నూనె, గాలి ఒక్కసారిగా నలిగే వేడికి మండుతుంది. కొన్ని వందల గుళ్ళకి తగ్గిపోతుంది. తగ్గాలని మీరు మాత్రం మామూలు నూనె పోయకండి, ఇంకా ఎక్కువ మండి సీల్ కాలిపోతుంది.

గుళ్ళు చెదరడానికి నేను మొదట అనుమానించేది స్క్రూలనే. స్ప్రింగ్ రైఫిల్ ముందుకూ వెనక్కూ కొట్టుకునే కుదుపుకి చెక్కను పట్టి ఉంచే స్క్రూలు వదులవుతాయి. ముందు చెక్క ఇరుపక్కలా ఒక్కోటి, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో చేతికి బిగుసుకునేదాకా తిప్పండి. చెక్క నలిగేంత బలం వద్దు. స్కోప్ పెట్టి ఉంటే దాని మౌంటు స్క్రూలు కూడా చూడండి. బారెల్ విరిచే మడత దగ్గర బోల్టు వదులైందేమో, బారెల్‌ను పక్కలకి కదిపి తెలుసుకోండి. మూసి ఉన్నప్పుడు అస్సలు కదలకూడదు.

బిగించాక మొదటి పది గుళ్ళు ఊరికే కాల్చి, ఆ తర్వాత కొత్త కాగితం పెట్టి ఐదు కాల్చి ఫోటో పెట్టండి. అమ్మాయి కాల్చినవి కూడా.